గడ్డివాములో కుట్టుమిషన్లు

హలో… ఆ, నేనే బామ్మర్దీ. చెప్పు.

…ఇక్కడా? పొద్దున్నే ఉరిమింది. నాలుగు చినుకులు రాల్చి ఊరుకుంది. ఇప్పుడు కురవదు, పోదు. అచ్చం మీ అక్క మొహంలాగే ఉంది ఆకాశం.

…ఎందుకా? నువ్వే అడుగుతున్నావా!

…కుట్టుమిషన్లా? క్షేమం. చాలా క్షేమం. దారినపోయేవాళ్ళు ఆగి పలకరించి మరీ పోతున్నారు.

…ఎట్లా కనపడతాయంటావేంటి? నువ్వు దాచింది గడ్డివాములో.

— ఆ, నిండా కప్పావు. కాదనలేదు. కానీ ఒరే, ఇంటి ముందు వాము ఎందుకు వేస్తారనుకున్నావు, అందానికా? మా ఆవు తింటుందిరా! రోజూ తింటుంది. నెల తిరిగేసరికి సగం అయిపోయింది. నిన్న ఒక చక్రం బయటపడింది, ఇవాళ మూడు తలకాయలు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు… మా ఆవు పట్టింది.

…నవ్వట్లేదు. నవ్వితే మీ అక్క ఊరుకుంటుందా?

…ఇంకో బండి గడ్డి కొననా? డబ్బు పంపిస్తావా! దివాలా తీశానని ఐపీ పెట్టినవాడివి, చిల్లిగవ్వ లేదని కోర్టులో ప్రమాణం చేసినవాడివి… ఎక్కణ్ణుంచి పంపుతావు?

…లేదుగా. తెలిసిందిలే.

ఆగు, ఇంకోటుంది. కోర్టు నుంచి నాకు నోటీసొచ్చింది. నేను నీకు మూడు లక్షలు అప్పిచ్చానట. ఇంత ఉన్నవాణ్ణని నాకే తెలియదు బామ్మర్దీ! చదవగానే మీసం మెలేశాను. మీ అక్క మాత్రం కారుతున్న పైకప్పుకేసి చూసి, 'పెంకులు మార్చడానికి లేవన్న మనిషికి, తమ్ముడికివ్వడానికి మూడు లక్షలెక్కడివి?' అని ఒకటే నిలదీత. లేవని నమ్మించాలంటే నేనూ ఐపీ పెట్టాలి.

…లేని బాకీలు అందరూ అట్లాగే రాస్తారా? అంటే… నీ కుట్టు షాపు అమ్మి అప్పులవాళ్ళకి పంచేటప్పుడు నా పేర ఒక వాటా వస్తుంది, అది నేను తెచ్చి నీ చేతిలో పెట్టాలి. అంతేనా? …బాగుంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుంటే, గిన్నె నేను పట్టుకోవాలన్నమాట.

— సరే, లేని బాకీ రాశావు. ఆ మిషన్ల మీద కుట్టిన ఆడవాళ్ళకి రెండు నెలల కూలి బాకీ. అది రాశావా?

…మర్చిపోయావు. లేని మూడు లక్షలు గుర్తున్నాయి, ఉన్న కూలి గుర్తులేదు.

…లాయరుకైనా చెప్పావా మిషన్ల సంగతి? …చెప్పలేదా! వైద్యుడి దగ్గర రోగం దాచి మందిమ్మంటే ఏమిస్తాడురా?

— నా మాట విను. ఉన్నదున్నట్టు చెప్తే అప్పులు కొట్టేస్తారు, మళ్ళీ కత్తెర పట్టుకుంటావు. దాచావని తేలితే అప్పులూ పోవు, పైగా జైలు. ఎల్లుండి కోర్టులో నన్నడుగుతారు. నేను అబద్ధం చెప్పను. ముందే చెప్తున్నా.

…కనికరం లేదా? లేకపోతే ఈ పాటికి వెళ్ళి చెప్పేసేవాణ్ణి. నీతో చెప్పిస్తున్నానంటే… అది కనికరం కాదా?

…ఏంటీ? …లారీనా? వీధి మలుపులో ఆ హారను నీదేనా!

…వేరేచోటికి మార్చేస్తావా. ఎవరింటికి? …ఆవు లేని ఇల్లు చూసుకున్నావా?

…ఏయ్. …ఏడుస్తున్నావా?

…ఊఁ.

…ఊఁ. నిద్రపట్టదు మరి. ఎట్లా పడుతుంది?

…ఒక్కటీ మిగలదని భయమా? కుట్టి బతికేవాడి చేతిలో ఒక మిషను ఉంచుతారని విన్నాను. లాయర్నడుగు. అడిగినవాడికి ఉంచుతారు గాని, దాచినవాడికి ఉంచుతారా?

…గట్టిగా చెప్పు. వినపడలేదు.

…లాయరుకి ఇప్పుడే ఫోన్ చేస్తావా? …ఆ మూడు లక్షల బాకీ కొట్టివేయిస్తావు. కూలి రాయిస్తావు. …ఆడవాళ్ళందరి పేర్లూ.

…ఆ. సరే.

రా మరి. లారీ ఎక్కించడానికి నేనూ ఓ చెయ్యి వేస్తాను. కానీ అది పోయేది నీ షాపుకే, ఆస్తులు లెక్కపెట్టే కోర్టు మనిషి ముందుకే.

…ముందు తిందువు గాని రా. అక్క నీతో మాట్లాడదు. నేనూ మాట్లాడను. నోరు మూసుకుని తిందాం ముగ్గురం.

— ఏమే! ఇంకో కంచం పెట్టు. …వాడికే. …వద్దు, ఏమీ అనకు. అన్నం పెట్టు చాలు.

…ఆ, కనిపిస్తున్నావులే. ఫోను పెట్టేసి కాళ్ళు కడుక్కో.