పక్క సీటు

ఒక కంటికి ఆపరేషన్ చేయించుకున్న తండ్రిని కూతురు కారులో ఇంటికి తీసుకెళ్తోంది. ముందున్న కారు రోడ్డంతా తనదే అన్నట్టు వంకర్లు తిరుగుతోంది.

“ఎవరో ఆడమనిషే అయ్యుంటుంది!” అన్నాడాయన.

కూతురు ఆ కారును దాటుతూ, పక్కకి చూసింది. “బుర్రమీసాలున్నాయి నాన్నా.”

“నిన్ననలేదు తల్లీ. నువ్వు మగాడిలా నడుపుతావు.”

“అదేం మెచ్చుకోలు నాన్నా?”

“మా రోజుల్లో అంతకుమించిన మెచ్చుకోలు లేదమ్మా.”

“మరి అమ్మనెప్పుడూ అలా మెచ్చుకోలేదేం? తనూ కారు నేర్చుకుందటగా?”

“నాలుగు రోజులు నేర్చుకుంది. మానేసింది.”

“ఎందుకని?”

ఆయన కంటి మీది కట్టు ఊరికే తడుముకున్నాడు. ఇల్లు దగ్గరపడుతోంది.

“పక్కన కూర్చుని నేర్పింది నేనేగా తల్లీ.”