లోపల గెడ లేని తలుపు

ఖరగ్‌పూర్‌లో జనవరి ఉదయం. ఇంటి వరండాలో సమూయేలు, అతని పక్కన ఆస్పత్రి ఫారం పట్టుకుని కూతురు దోర్కా.

“రాత్రి ఈ రగ్గు నువ్వే కప్పినావా నాన్నా?”

“ఏ రగ్గు?”

“ఇదే. నేను చాపేసుకుని ఇక్కడ పడుకున్నప్పుడు లేదు. లేచేసరికి మెడ దాకా ఉంది.”

“అల్లుడు కప్పుంటాడు.”

“నీ అల్లుడిది నైట్ డ్యూటీ. ఇంకా రాలేదు. నువ్వేమో గుమ్మంలో కుర్చీ ఏసుకుని కూర్చున్నావు. మూడు రోజుల నుంచి చూస్తన్నాను. నిద్రపోవా?”

“ముసిలోడికి నిద్రేటమ్మా. నువ్వు బయట తొంగోకు. ఈ సలిలో, ఈ సిమెంటు మీద... ఒద్దు, దోర్కా.”

“లోపల ఉండలేకపోతన్నాను నాన్నా. ఒళ్ళంతా నిప్పంటుకున్నట్టు ఉంటంది. సరే, అది తర్వాత. ఈ ఫారం నింపాల. పదకొండుకి డాక్టర్ దీదీ దగ్గరుండాల. అమ్మ గురించి అడిగినాది. నువ్వు చెప్పు, నేను రాస్తాను.”

“మీ యమ్మ గురించి ఇప్పుడేటి? ఇరవై రెండేళ్ళయిపోనాది.”

“మందు రాయడానికి. మొన్న చెప్పినాను కదా. నెలసరి ఆగిపోయే ముందు వచ్చే ఇబ్బంది ఇదంతా. ఒంట్లో హార్మోను తగ్గిపోతంది, దాన్ని బయట నుంచి ఇస్తారు. చేతికి రాసుకునే జెల్ ఒకటి, రాత్రికి మాత్ర ఒకటి.”

“ఆడోళ్ళ సంగతులు నాకేల సెప్తావు.”

“ఇంకెవరికి చెప్పను? అమ్మ ఉంటే అమ్మకి చెప్పేదాన్ని. సూసన్న పెద్దమ్మకి చెప్తే, ఆ మందు వాడితే మీసాలొస్తాయన్నాది.”

“దానికి ఏ మందూ వాడకుండానే ఒచ్చినాయి.”

“నవ్వించకు. సోమవారం క్లాసులో ఏటయిందో తెలుసా? బోర్డు ముందు నిలబడి ఏడో ఎక్కం మర్చిపోయినాను. పిల్లలు నవ్వినారు. చేతిలో సుద్దముక్క ఇసిరి కొట్టినాను. ఒక గుంటపిల్ల చెవి పక్క నుంచి పోయింది. అది ఏడ్చింది, దాన్ని చూసి నేను ఏడ్చినాను. ఇరవై ఏళ్ళలో ఒక్క పిల్ల మీద గట్టిగా అరవలేదు నేను.”

“ఎవులైనా ఏటన్నా అన్నారా?”

“ఇంకోసారి ఇలగ అయితే ఇంట్లో ఉండమన్నారు. అందుకే ఈ మందు కావాల. చెప్పు. అమ్మకి రొమ్ములో గడ్డలేవైనా ఉండేవా?”

“లేవు.”

“కాళ్ళల్లో రక్తం గడ్డ కట్టడం?”

“లేదు.”

“పోయినప్పుడు నలభై ఎనిమిది. ఎలా పోయింది అంటే, గుండె. ఇదిగో, ఇక్కడే వచ్చింది చిక్కు.”

“సిక్కేటి?”

“మా అమ్మ నలభై ఎనిమిదికే గుండె ఆగి పోయిందని మొన్న నోటితో చెప్పినాను. దీదీ కలం పక్కన పెట్టేసింది. అంత వయసుకే గుండెతో పోతే నీ గుండె కూడా చూడాల, కలకత్తా వెళ్ళి పరీక్షలన్నీ చేయించుకో, అప్పటిదాకా మందు రాయనన్నాది. మూడు నెలలు పడతాదంట. అమ్మ పాత కాయితం ఏదైనా ఉంటే తెమ్మన్నాది. మూడు నెలలు నేను ఉండలేను నాన్నా. నిజంగా ఉండలేను.”

“ఊ.”

“ఊ ఏటి?”

“మీ యమ్మ కూడా అదే మాట అనేది. నిప్పంటుకున్నాది అని.”

“అమ్మకీ ఉండేదా? ఎప్పుడూ చెప్పలేదే.”

“నువ్వప్పుడు అత్తోరింట్లో ఉన్నావు. జెనీ నీ కడుపులో ఉన్నాది. మీ యమ్మ పొయ్యి కాడ నుంచి లేసొచ్చి నా ముందర నిలబడేది. సెయ్యెట్టి సూడండి, కాలిపోతన్నాను అనేది. నా సెయ్యంటే నీకు తెలుసు కదా.”

“తెలీకేటి. రైలుబండొచ్చి ఆగితే చక్రం పక్కనున్న ఇనప పెట్టి మీద చెయ్యి పెట్టి, వేడెక్కినాదో లేదో చెప్పేసేవోడివి. సమూయేలు చెయ్యి పెడితే ఇంక థర్మామీటర్ అక్కర్లేదనేవోళ్ళు.”

“ముప్పై నాలుగేళ్ళు. ఒక్క బండికి తప్పు సెప్పలేదు. ఆ సెయ్యే మీ యమ్మ మెడ మీద ఎట్టేవోణ్ణి. సల్లగా తగిలేది. ఏటీ లేదు, నాటకాలాడకు అనేవోణ్ణి. నేనన్నాక ఇంక ఊరంతా అదే. మీ పెద్దమ్మ, పాస్టరు గారు, పక్కింటోళ్ళు. సమూయేలే సెయ్యెట్టి సూసినాడు, ఏటీ లేదంట అని.”

“ఆగు నాన్నా. వస్తంది. ఆ అట్ట ఇటియ్యి, ఇసురుకోవాల. ఇప్పుడే, చూడు. నా మెడ మీద చెయ్యి పెట్టు. పెట్టు.”

“సల్లగానే ఉన్నాది.”

“లోపల మండిపోతంది. చెమట పట్టేసి పైకి చల్లగా ఉంటాది. చేతికి తెలీదు.”

“తెలీదు.”

“ఇంక కాసేపటికి చలి మొదలవుతాది. పళ్ళు కొట్టుకుంటాయి. అప్పుడు ఇదే రగ్గు కావాల.”

“సలా? మంట తరవాత సలేటి?”

“అంతేనంట. చెమట ఆరేసరికి ఒళ్ళు చల్లబడిపోతాది. చాలామందికి అంతేనన్నాది దీదీ.”

“అంటే, మంటన్న మనిసే మళ్ళీ సలంటాది. నిజంగానే.”

“నిజంగానే. ఏటి నాన్నా, మొహం అలగయిపోనాది?”

“నా సర్వీసు కాయితాల సంచీ తే. మంచం కిందున్నాది.”

“ఇప్పుడెందుకది?”

“తే అమ్మా. అడుగున ప్లాస్టిక్ కవరుంటాది. నాకు సదువు రాదు గానీ, ఆ కాయితంలో ఏటున్నాదో తెలుసు.”

“ఇదా? కృపమ్మ, అమ్మ పేరే. రైల్వే ఆస్పత్రిది. ఇదేటి నాన్నా, గుండె అని లేదే ఇందులో. న్యుమోనియా అనుంది. రెండు వైపులా.”

“నిమ్ము. నాలుగు రోజులున్నాది ఆస్పత్రిలో. గుండె మాత్రం గట్టిదే, ఆకరి దాకా కొట్టుకున్నాదని డాక్టరు సెప్పినాడు.”

“గుండె కాదా? నాన్నా, గుండె కాదంటే దీదీ ఈ రోజే మందు రాసేస్తాదేమో. ఈ కాయితం చాలు. ఇన్నాళ్ళూ మరి గుండె అని ఎందుకు చెప్పినావు? నాక్కూడా?”

“నిమ్మంటే, అంత సలెలగ పట్టిందని అడుగుతారు. మీ పెద్దమ్మ అడుగుతాది. నువ్వడుగుతావు.”

“ఎలగ పట్టింది?”

“నీలాగే. లోపల ఉండలేక వరండాలో తొంగునేది. అప్పుడు ట్రాఫిక్ కాలనీలో రైల్వే క్వార్టరు కదా మనది. అటు పదిళ్ళు, ఇటు పదిళ్ళు. పొద్దున్న నీళ్ళకొచ్చినోళ్ళంతా సూసేవోళ్ళు. పెళ్ళాన్ని బయట పడేసినాడని డ్యూటీలో కూడా నవ్వినారు. నాకు తల కొట్టేసినట్టయ్యేది. ఒక రోజు సెప్పినాను, ఇంక బయటికెల్తే బయటే ఉండు అని. అప్పటికే దగ్గుతన్నాది. అయినా ఎల్లింది. నేను గెడెట్టేసినాను.”

“లోపలి గెడ.”

“లోపలిదే.”

“అందుకేనా నాన్నా, ఈ ఇల్లు కట్టినప్పుడు ఈ తలుపుకి లోపల గెడ వద్దని వడ్రంగితో దెబ్బలాడినావు? గోల్‌బజార్ నుంచి ఇత్తడి గెడ తెస్తే తిప్పి పంపించేసినావు. దొంగలొస్తారని నీ అల్లుడు ఎంత మొత్తుకున్నాడు.”

“రానీ అన్నాను.”

“అమ్మ తెల్లారే దాకా బయటే ఉందా?”

“తలుపు తీసేసరికి గుమ్మానికి ఆనుకుని ముడుసుకుపోయుంది. జరం. అప్పుడు నా సేతికి తెలిసింది.”

“నాన్నా.”

“ఊ.”

“ఇలా చూడు. ఆ రోజుల్లో నీకు వరసగా డ్యూటీలు. పడుకున్నావంటే ఒళ్ళు తెలిసేది కాదు. అమ్మ లేపినా నువ్వు లేచుండవు. నిద్రలో ఉన్న మనిషికి ఏటి తెలుస్తాది?”

“ఎవులైనా అడిగితే అదే సెప్దామనుకున్నాను. ఎవులూ అడగలేదు.”

“నేనూ అడగను. నిద్రపోయినావు, అంతే. ఫారంలో ఆ ముక్క అక్కర్లేదు. కాయితం దొరికింది, నాకు మందొస్తాది, అది చాలు. లే, ఎండలోకి జరుగు. టీ పెడతాను.”

“టీ ఒద్దు. కూకో. గంటయ్యాక కొట్టినాది తలుపు. మెల్లగా, పక్కింటోళ్ళకి ఇనపడకుండా. సలేస్తంది, తలుపు తియ్యండి అన్నాది. ఇందాక మంటన్నాది, ఇప్పుడు సలంట, ఇది నాటకం కాకపోతే ఏటని గోడేపు తిరిగినాను. మెలకువగానే ఉన్నానమ్మా నేను.”