పేపర్లో రాని మాట

1999 జూన్‌లో ఒక ఉదయం, పెరంబూరు స్టేషనులో నేను కూర్చున్న బెంచీ మీదనే ఒక రిటైర్డు రైల్వే ఉద్యోగి, పరిశోధనశాలలో పనిచేసే తన మేనకోడలితో రైలు కోసం వేచి ఉన్నారు.

"పేగులో క్యాన్సరని తెలిసి కూడా ఆపరేషన్‌కి ఎందుకు పోలేదు మామా?"

"దాంతో పనేముంది అమ్మీ? పూటకి రెండు స్పూన్లు పసుపు తింటా ఉండా. నువ్వు కనిపెట్టిందే గదా."

"ఎన్నిసార్లు చెప్పాల? పసుపులోంచి ఒక పదార్థాన్ని వేరుచేసి, గాజు పళ్ళెంలో పెంచిన క్యాన్సర్ కణాల మీద పోసినా. అవి పెరిగేదానికి తోడ్పడే ఒక జన్యువు పని తగ్గింది. అంతే."

"ఆడ తగ్గిందంటే, నా కడుపులో తగ్గదా?"

"నువ్వు తినేదాంట్లో ఆ పదార్థం ఎంత, ఆ గడ్డ దాకా పొయ్యేది ఎంత? ఎవురు కొలిచినారు?"

"పేపర్లో నీ ఫోటో ఏసినారే. వర్క్‌షాపు స్నేహితులందరికీ చూపించినా."

"ఆ పదార్థాన్ని కడిగేస్తే, మర్నాటికి ఆ జన్యువు ఎప్పటిలాగే పనిచేసింది మామా. ఆ మాట పేపర్లో రాలేదు."

"నువ్వు పేపరోళ్ళకి చెప్పినావా?"

మామా మేనకోడలూ ఎక్కవలసిన రైలు వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది.

"చెప్పలేదు. వాళ్ళు అడగలేదు."

"సెరి. సోమవారం ఆస్పత్రికి పోదాం. నువ్వూ రా. డాక్టరు తిట్టే తిట్లలో సగం నీకూ పడాల."