బుడగన్న ఏడు ఉదయాలు

బండి తాళాలా? ఇంట్లోనే ఉంటాయిరా, ఎక్కడికి పోతాయి! ముందు అలా కూర్చో. ఎన్ని గ్లాసులన్నావు? రెండా? మీ మామయ్య పోస్తే రెండు దగ్గర ఆగినవాణ్ణి నేను చూడలేదుగానీ, సరే, రెండే అనుకుందాం. ముఖం కడుక్కున్నావా, నిమ్మకాయ నీళ్లు తాగావా, బాగుంది. కడిగిన ముఖం శుభ్రమైంది, అంతే. లోపలికి పోయింది లోపలే ఉంది. ఎంతసేపుంటుందా? ఆ మాట మీద మా వీధి వీధంతా ఒకప్పుడు ఏడు రోజులు కొట్టుకు చచ్చింది. బుడగన్న సంగతి నీకు చెప్పలేదూ? ఇన్నేళ్లుగా నా గడ్డం కింద ఈ గీత చూస్తున్నావు, ఇదేంటి తాతా అని ఒక్కనాడైనా అడిగావా? అడగవు. ఫోను చూసుకుంటావు.

బుడగన్న సెలూను నా ఫ్యాన్సీ షాపుకి సరిగ్గా ఎదురు. రెండు కుర్చీలు, ఒక అద్దం, ఆ అద్దానికి ఓ మూల పగులు. ఆ పగులు దగ్గర ఎవరి ముఖం పడినా మూతి రెండుగా కనిపించేది. అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది, ఎవరికి కావాలి? గురువు నేర్పిన పద్ధతొకటి వదలకుండా పాటించేవాడు. పొద్దున్నే తలుపు తీయగానే ఓ బుడగ ఊది, ముడేసి, దానికి బ్రష్షుతో నురగ పూసి, మనిషి గడ్డం గీసినట్టే కత్తితో గీసేవాడు. నురగంతా పోయి బుడగ మిగిలితే మొదటి గిరాకీని పిలిచేవాడు. బుడగ పగిలిందా, ఆ రోజుకి తలుపు మూతే. 'మనిషి మెడకంటే బుడగ గట్టిదా తమ్ముడూ?' అనేవాడు. వారానికో రోజు సెలవు, ఆ సాయంత్రం కాస్త పుచ్చుకునేవాడు. కాస్త అంటే, అదీ మీ మామయ్య లెక్కలోనే అనుకో. మర్నాడు పొద్దున ఠాప్‌మని వినబడేది. మా పక్కింటి టైలరు మిషను ఆపి, 'ఈవేళ గడ్డాలు లేవురోయ్' అని కేకేసేవాడు. అందరం నవ్వుకునేవాళ్లం. అన్న కూడా నవ్వేసి తలుపు మూసుకునేవాడు.

అలా నవ్వుతూ పోయేదేగానీ, ఒక సెలవు మర్నాడు హైస్కూలు హెడ్‌మాస్టరు వచ్చి, 'తనిఖీకి పైవాళ్లొస్తున్నారయ్యా, నీ బుడగాట తర్వాత ఆడుకుందువుగాని, ముందు నా గడ్డం చూడు' అని కుర్చీలో కూలబడ్డాడు. అన్న మొహమాటస్తుడు. ఆ ఒక్కరోజూ బుడగ మానేశాడు. మాస్టరుగారి చెవి కొస తెగింది. పెద్ద గాయం కాదులే, ఇంత. కానీ చెవి కదా, ఒకటే రక్తం! ఆయన చెవికి తెల్లగుడ్డ కట్టుకునే తనిఖీకి పోయాడు. వదిన, అంటే బుడగన్న భార్య, ఆ సాయంత్రం వీధిలో అందరి ముందూ తేల్చేసింది. ఆవిడ గొంతు తగ్గించి మాట్లాడటం నేనెరగను. 'ఇవాళ చెవి, రేపు గొంతు. ఇక చుక్క ముట్టుకున్నావంటే చూడు! వారం రోజులిస్తున్నా. ఏడో రోజు పొద్దున కూడా బుడగ పగిలిందా, కత్తి మా తమ్ముడి చేతికి, చీపురు నీ చేతికి!' ఆ తమ్ముడు అప్పటికే చెవి మీద దువ్వెన పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. పని నేర్చినవాడేలే. అన్న అద్దం ముందు నిలబడి, 'ముట్టుకోను' అన్నాడు. ఒక్కటే మాట. నా కొట్టుకొచ్చి కొత్త డబ్బా బుడగలు పట్టుకెళ్లాడు.

మర్నాడు పొద్దున ఠాప్. సరే, మొన్నటిది ఇంకా లోపల ఉందన్నారు. రెండో రోజూ ఠాప్. అప్పుడు మొదలైంది చూడు! ఆసుపత్రి కాంపౌండరు వచ్చి, 'ఒక్కో గ్లాసుకి గంటో గంటన్నరో పడుతుంది. కాలేయం తన తీరున తను పనిచేసుకుపోతుంది, మనం తొందరపెడితే వినదు. ఎంత తాగినా రెండో రోజుకి చెయ్యి వణికేంత ఉండదయ్యా' అన్నాడు. ఆయన చెప్పిందే నిజం. అందుకే ఎవరూ వినలేదు. టైలరేమో, చెమట పట్టాలి, చెమటలోనే పోతుందన్నాడు. అన్న పాపం ఎండలో వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి నాలుగు సార్లు పరిగెత్తాడు. మూడో రోజు ఠాప్. హెడ్‌మాస్టరు తెల్లగుడ్డ చెవితోనే వచ్చి, ముప్పై ఏళ్లుగా తాగినవాడికి ముప్పై రోజులుంటుందని సూత్రం చెప్పాడు. నేనా? నేను ఊరుకుంటానా! కొట్టు అరుగు మీద నిలబడి, 'పది రోజులుంటుంది, లేదా ఈ మనిషి దొంగతనంగా తాగుతున్నాడు, రెండిట్లో ఒకటి' అన్నాను. అన్న విన్నాడు. వీధికి అడ్డంగా నా వైపు చూశాడు. ఆ చూపు... సరేలే. ఏమంటున్నాను? ఆఁ, నాలుగో రోజు.

నాలుగో రోజు పొద్దునా ఠాప్. మధ్యాహ్నం ఒకావిడ పిల్లకి బుడగ కావాలంది. ఊది ఇద్దామని నేనే ఊదాను. ముడి వేస్తుంటే నా వేళ్ల మధ్యే పగిలింది. ఇంకోటి తీశాను, అదీ అంతే. డబ్బా తిరగేసి చూస్తే ఏముంది, అది రెండు వేసవులు నా కొట్టు అద్దాల బీరువాలో ఎండకి మాడిన సరుకు! లాగితే సాగకుండా బిస్కెట్టులా విరుగుతోంది. అదే సరుకు అన్నకిచ్చాను. తెలిసింది కదా, మరి వెళ్లి చెప్పొచ్చు కదా? నువ్వైతే చెప్పేవాడివి. నాకు నోరు రాలేదు. పది రోజులని అరుగెక్కి అరిచినవాణ్ణి, నా బుడగలు పుచ్చిపోయాయని ఏ ముఖంతో చెప్పను? రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. ఐదో రోజు ఠాప్. ఆరో రోజు ఠాప్. బావమరిది కత్తికి సాన పట్టడం మొదలెట్టాడు. అన్న ముఖం చూస్తే, ఒరేయ్, అంత మనిషి, చేతులు రెండూ ముందు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాడు, అవి ఎవరివో అన్నట్టు. 'ముట్టుకోలేదు తమ్ముడూ' అన్నాడు నాతో. నేను రిబ్బన్లు సర్దుతున్నాను.

ఏడో రోజు పొద్దున వీధంతా సెలూను ముందే. అన్న బుడగ ఊది నురగ పూశాడు. కత్తి అందుకోబోతుంటే వదిన పట్టుకుంది. 'ఆగు. ఏడు రాత్రులు నీ పక్కన పడుకున్నదాన్ని, నీ ఊపిరి నాకు తెలీదా? నువ్వు తాగలేదు. ఇటియ్యి, నేను గీస్తా.' కొంగు నడుముకి దోపి, కూరగాయ తరిగినంత జాగ్రత్తగా కత్తి ఆనించింది. ఠాప్! నురగంతా ఆవిడ ముఖం మీదే. టైలరు, 'ఏవమ్మా, నువ్వెప్పుడు పుచ్చుకున్నావు?' అన్నాడు. 'పెళ్లైన నాటి నుంచీ ఈయన వదిలిన గాలేగా పీలుస్తున్నా, నాకూ ఎక్కిందేమో!' అంది నురగ తుడుచుకుంటూ. తమ్ముణ్ణి పిలిచి, 'నువ్వు గీయరా, పాలు తప్ప తాగనివాడివి' అంది. వాడు గీశాడు, ఠాప్. ఇక నవ్వులు చూడాలి! కాంపౌండరు అరుగు మీద కూలబడి మరీ నవ్వాడు. నవ్వీ నవ్వీ అందరూ మెల్లగా నా కొట్టు వైపు తిరిగారు. నేనేమన్నానంటావు? 'గాలి ఎక్కువ ఊదుతున్నారు మీరు' అన్నాను. చచ్చినా ఒప్పుకోలేదు. అలాంటివాణ్ణి నేను.

ఆ సాయంత్రం అన్న నా కొట్టుకొచ్చి, చెవిలో గుసగుసగా, 'ఆ పుచ్చు బుడగలు మిగిలాయా తమ్ముడూ? ఓ పది దాచిపెట్టు. ఎప్పుడైనా పుచ్చుకున్న మర్నాడు పనికొస్తాయి, సరుకు మీదకి తోసేయొచ్చు' అన్నాడు. 'మధ్యాహ్నమే వదిన వచ్చి, ఉన్నవన్నీ పట్టుకెళ్లి పొయ్యిలో పెట్టింది అన్నా' అన్నాను. పడీ పడీ నవ్వాడు. ఆ తర్వాత పూర్తిగా మానేశాడా అంటే, అబద్ధమెందుకు, ఏ ఏడాదికో ఓసారి పుచ్చుకునేవాడు. కానీ మర్నాడు బుడగ కూడా ఊదేవాడు కాదు, తలుపే తీసేవాడు కాదు. 'ఉందో పోయిందో తాగినవాడికి తెలీదు తమ్ముడూ. వాడికెప్పుడూ పోయినట్టే ఉంటుంది' అనేవాడు. మరి నేను? నాలుగో రోజే తెలుసని చెప్పనేలేదు. వారం వారం అదే కుర్చీలో తల వెనక్కి వాల్చేవాణ్ణి. కత్తి సరిగ్గా గొంతు మీదకి రాగానే ఆపి, తియ్యగా అడిగేవాడు, 'తమ్ముడూ, ఈమధ్య బుడగలు కొత్తవేనా?' నేను మింగలేను, కదల్లేను. 'కొత్తవే అన్నా' అనేవాణ్ణి పళ్ల సందులోంచి. పంతొమ్మిదేళ్లు! ప్రతి వారం!

చివరిసారి... అప్పటికి కళ్లు సరిగా కనబడటం లేదాయనకి. నురగ పూసి, కత్తి ఎత్తి, మళ్లీ దించేశాడు. చెయ్యి వణుకుతోంది. 'ఇవాళ వద్దులే తమ్ముడూ. చుక్క ముట్టుకోలేదు. ఇది వయసు' అన్నాడు. నా ముఖంలోకి చూస్తున్నాడు, ఏమంటానా అని. 'నాకు తెలుసన్నా. అప్పుడూ తెలుసు. నాలుగో రోజే తెలుసు. నా సరుకే పుచ్చింది' అన్నాను. వచ్చేసిందిరా, నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. ఆయన 'ఇప్పటికి ఊదావా బుడగ!' అన్నాడు. 'గీయి అన్నా, నేను కదలను' అని తల వెనక్కి వాల్చాను. గీశాడు. ఇదిగో, ఇక్కడొక్కటే తెగింది. తెగితే తెగింది. కుర్చీ దిగనిచ్చాడా, పటిక ముక్క తీసుకుని తనే అద్దాడు, అద్దుతూ...

...

తాళాలు నా జేబులోనే ఉన్నాయి. ఇవ్వను. మీ ఆవిడ బస్సు దిగితే ఆటోలో వస్తుంది. పోయి ఆ ఫ్యానొకటి వెయ్యి.