వెనకనుంచి గంగాధరన్న

నీకేమన్నా, ఈ సమాధి కింద హాయిగా పండుకోనుండావు. నీ నడక నడవలేక నా నడుం పోయిందీడ.

ఎడమ భుజం దించి, కుడి చెయ్యి ఊపుతా, గొర్రెల మందలో దారి చేసుకుంటాండినట్ల నడుస్తాంటివి గదా. పెద్దముడియం శనగ చేలల్లో రెండు సాయంత్రాలు అదే నడక నడిచినా. బతికుండంగా వెక్కిరిస్తే చెవి పిండుతాంటివి. ఇప్పుడు అదే వెక్కిరింతకు పిలిచి చప్పట్లు కొడతాండారు. నవ్వాకు.

ఎందుకంటావా? నీమీద పాట తీసినారన్నా. ఎలక్షన్లు గదా, రామమోహన్ పార్టీ టికెట్ తెచ్చుకున్నాడు. ఆయన బండిలో, ఆయన కూర్చునే సీట్లో కూర్చోనుండబట్టే గదా, ఆయనే అనుకోని నిన్ను చంపింది. అందుకని ప్రచారం నీ పాటతోనే మొదలు. ప్రొద్దుటూరులో పెండ్లి వీడియోలు తీసేవాన్ని నేనొక్కన్నేనా? అయినా నీకు తమ్ముని లెక్కని, నన్నే తీయమన్నారు. కాదని ఊర్లో ఎట్లుండేది, నువ్వే చెప్పు.

పాటలో నువ్వు రావాల. నువ్వు రావు. ఇట్లాంటప్పుడు మేమేం చేస్తామంటే, ఇంకొకనికి నీ చొక్కా తొడిగి వెనకనుంచి తీస్తాం. ఎదురుగా పొద్దు గుంకుతాండాల. పొట్టు చల్లి దుమ్ము లేపాల. నడక స్లో మోషన్‌లో సాగాల. మొగం చూపకపోతే చాలు, చూసేవాళ్లే నీ మొగం తెచ్చి పెట్టుకుంటారు. ఆ ఇంకొకన్ని నేనే. చొక్కా మీ అమ్మే ఇచ్చింది, పెట్టెలోంచి తీసి, ఇస్త్రీ చేయించి.

రామమోహన్ వంతు నువ్వు చూడాల్సింది. స్లో మోషన్‌లో పాడినట్ల కనపడాలంటే పాటను రెట్టింపు స్పీడులో పెడతాం, పెదాలు గూడా అంత తొందరగా ఆడించాల. ఆకలిమీదుండే మేక కంపచెట్టు మేసినట్లుండాది ఆయప్ప మొగం. నేను కెమెరా చాటుకు దూరి నవ్వినా. తెరమీదికి వచ్చేసరికి మాత్రం ఎంత గంభీరమనుకున్నావు.

ఆఖరి షాట్ ఆయప్ప మనుషులు చెప్పినారు. నువ్వు నడుస్తా నడుస్తా మెల్లగా వెనక్కి తిరగాల. తిరిగేలోపల నీ మొగం ఉండాల్సిన చోట రామమోహన్ మొగం రావాల. సగం నేను తిరిగినా, మిగతా సగం ఆయన తిరిగినాడు. రెండూ ఒకదాంట్లో ఒకటి కరిగించినా. అతుకు కనపడదు. శానా బాగొచ్చిందే అని సంబరపడినా గూడా.

జమ్మలమడుగు సభలో పెద్ద తెరమీద ఏసినారు. మీ అమ్మను, ఓబులమ్మ పెద్దమ్మను, ముందు వరసలో కూర్చోబెట్టినారు. నీ వీపు కనపడంగానే లేచింది. తెర దగ్గరికి పోయి, తల పైకెత్తి నిలబడింది. నువ్వు తిరిగినావు.

జనం ఈలలేసినారు. ఆమె ఏడ్చలేదన్నా. నాపక్క చూసి, "వాడు కాదు గదరా" అనింది. అంతే.

మర్నాడు మా ఇంటికే వచ్చింది. ఆ తిరిగేది తీసేయమనింది. నా దగ్గరుండే దాంట్లో తీసేస్తా సరే, ఊరందరి ఫోన్లలో ఉండేదాన్ని ఏం చేసేది? పులివెందుల బస్సులో గూడా అదే మోగుతాండాది. రామమోహన్‌నడిగితే, పాటకు ప్రాణమే ఆడుంది గదరా అన్నాడు. ప్రాణం మాట ఆయప్ప నోట్లోంచే వినాల్సొచ్చింది.

పెద్దమ్మకు వేరేగా చేసిచ్చినా. తిరిగేదానికి ముందర కోసి, తెచ్చి మొదటికి అతికినా. నువ్వు నడుస్తానే ఉంటావు, ఎప్పటికీ తిరగవు. ఫోన్ ఒళ్లో పెట్టుకోని అదేపనిగా చూసింది. చూసి చూసి, "ఎంతసేపు నడిపిస్తావురా వాన్ని? కాళ్లు నొయ్యవా? కూర్చోమను" అనింది.

కూర్చున్న షాట్ నా దగ్గర యాడుందన్నా?

నిన్న నీ చొక్కా తొడుక్కోని, కెమెరా తీసుకోని మీ ఇంటికి పోయినా. వాకిలి దిక్కు వీపు పెట్టి, తిన్నె మీద నీ మాదిరే ఒక కాలు మడుచుకోని కూర్చున్నా. కెమెరా ఇంకా ఆన్ చేయనే లేదు. వెనకనుంచి, భుజం మీదుగా ఒక చెయ్యొచ్చింది. సంగటి గిన్నె.

తిరగబోయినా.

"తిరగాకు," అనింది. "అట్లే తిను."

తిన్నా. నీకు చేసే మాదిరే చేసింది ఊరుబిండి పచ్చడి, నోరు మండిపోయే కారం. నాకు కారం పడదని నీకు తెల్సు గదా. కండ్లల్లో నీళ్లు కారతాండాయి, కారానికేలే. తుడుచుకుందామంటే వీపు కదిలి, నేనని తెలిసిపోతాదేమోనని భయం. నేనని ఆమెకు తెలీదా ఏంది?

గిన్నె తీసుకుంటా, రేపు గూడా రమ్మనింది.

పోయేది నేనా అన్నా, నువ్వా?