వెనక్కి నడిచిన కరెంటు

నరసరావుపేటలో పల్నాడు రోడ్డు వార శేషారత్నం టీ బంకు. మబ్బు పట్టిన సాయంత్రం, వాన రాదు, గాలీ లేదు. అలీ సాహెబ్ మెల్లగా వచ్చి బల్ల చివర కూర్చున్నాడు. పరుపులు కుట్టే మనిషి ఆయన. జుట్టు మీద, కనుబొమల మీద ఎప్పుడూ దూది నూగు ఉంటుంది. ఇవాళ లేదు. పొద్దున్నే లైన్‌మేన్ వచ్చి, స్తంభమెక్కి, ఆయన ఇంటి తీగ తెంపి, చుట్ట చుట్టుకుని పట్టుకుపోయాడు. ఇంట్లో దూది ఏకే మిషను ఆగిపోయింది. శుక్రవారానికల్లా మాచవరం పెళ్ళివాళ్ళకి పరుపులివ్వాలి. ఏకని దూది గది నిండా ముద్దలుగా పడి ఉంది.

ఎదురుగా మస్తాన్‌రావు కాలు మీద కాలేసుకుని టీ తాగుతున్నాడు. ఆయనది ట్రాలీ ఆటో. చిలకలూరిపేట మిల్లుల నుంచి ఈ వీధికి దూది తోలేది ఆయనే.

"మస్తానూ," అన్నాడు అలీ సాహెబ్. "కరెంటు బకాయిలో సగం కడితే మిగతా సగం గవర్నమెంటు మాఫీ చేస్తదని చెప్పారు. కడదామని తీసిపెట్టుకున్నా. నువ్వు ఈ బల్ల మీదే కూర్చుని, కట్టబాకు మావా, నేను మాట్లాడా, మొత్తం పోతదని అన్నావు. ఆ డబ్బు పెట్టి దూది తెచ్చుకున్నా. నిన్నటితో గడువైపోయింది. ఇవాళ తీగ తెంపారు. నువ్వు మాట్లాడింది ఎవరితో అబ్బాయ్?"

మస్తాన్‌రావుకి ఈ లోకంలో చేతకాని పని ఒక్కటే, 'నాకు తెలీదు' అనడం. గ్లాసు కింద పెట్టి మీసం తుడుచుకున్నాడు.

"ఎవరితో మాట్లాడానంటావేంది మావా! రత్నమక్కాయ్, ఇంకో టీ పొయ్యి, గొంతు తడి లేకుండా చెప్పే సంగతి కాదిది. నేను కరెంటాఫీసుకి పోయానా, లైను చూస్తే రోడ్డు మీద దాకా ఉంది, ముసలోళ్ళు, చంటిపిల్లల తల్లులు, అందరి చేతుల్లో బిల్లులు, అందరి మొహాలూ చావింట్లోంచి వచ్చినట్టు ఉన్నాయి. నేను లైన్లో నిలబడలా. నిలబడే అలవాటు లేదు నాకు. సరాసరి లోపలికి పోయా. అక్కడి ఇంజనీరు, ఏఈ గారు, నన్ను చూసి కుర్చీలోంచి లేచాడు."

"నిన్ను చూసి లేచాడా, టీకి లేచాడా?" అంది శేషారత్నం.

"నన్ను చూసే అక్కాయ్. లేచి తన కుర్చీ నాకు వేశాడు. ఆయన ఎక్కడ కూర్చున్నాడంటావా, కూర్చోలా, నిలబడే ఉన్నాడు పాపం. నేనన్నా, అయ్యా, మా అలీ సాహెబ్ సంగతి చూడండి, నిక్కమైన మనిషి, వానలకి పని లేక బాకీ పడ్డాడు గానీ ఎగ్గొట్టే రకం కాదు అన్నా. ఆయన కంప్యూటర్లో కొట్టాడు. అలీ సాహెబ్ అని ఇంత లావు అక్షరాలతో వచ్చింది. ఆ పేరు చూడగానే ఆయన కళ్ళు చెమ్మగిల్లినయ్."

"ఆయనకి నేను తెలుసా?" అన్నాడు అలీ సాహెబ్, కొంచెం ముందుకు జరిగి.

"తెలవకపోవడమేంది! ఆయన పెళ్ళికి పరుపు కుట్టింది నువ్వే అంట. ఐతే రూలు రూలే, సగం కట్టాల్సిందే అన్నాడు. ఇక నాకు మండింది. ఏం సార్, మా మావ మీకు బాకీ అంటారే, ఆయన ఏకిన దూది మీద ఈ ఊరంతా నిద్రపోయింది గదా ఇన్నేళ్ళూ, ఆ నిద్రకి బిల్లెవరు కడతారు? అని ఇట్టా బల్ల మీద ఒక్క గుద్దు గుద్దా!"

గుద్దుకి బంకు బల్ల మీద గ్లాసులు ఎగిరిపడ్డాయి. సెల్‌ఫోన్లు బాగుచేసే సాయి కిరణ్ తన టీ పైకెత్తి పట్టుకున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? గోడ మీద ఆఫీసు మీటరుంది చూడు, అది టక్కున ఆగింది. ఏఈ ఆగాడు, ఫ్యాను ఆగింది, బయట లైన్లో ఏడుస్తున్న చంటిది కూడా ఆగింది. రెండు నిమిషాలు ఊరంతా ఊపిరి బిగపట్టింది. ఆ తర్వాత మీటరు మెల్లగా వెనక్కి తిరగడం మొదలుపెట్టింది."

"ఇప్పుడన్నీ అంకెల మీటర్లు గదా అన్నా, తిరిగేదెక్కడ?"

"అంకెలే రా సాయీ, అంకెలే వెనక్కి తిరిగినయ్! పైనుంచి కిందికి దిగుతున్నయ్, మెట్లు దిగే ముసలమ్మలాగ. ఒక్క ఆఫీసుదే కాదు, ఊళ్ళో ఉన్న ప్రతి మీటరూ! అంటే ఏంది? మనం వాడిన కరెంటు మన ఇళ్ళల్లోంచి తిరిగి వాళ్ళకి పోతంది. అంటే మనకి వాళ్ళే బాకీ! ఏఈ గారికి చెమటలు పట్టినయ్. నేను బయటికొచ్చి చూస్తే, ఊరు ఊరంతా వెనక్కి నడుస్తంది. ఇస్త్రీ బండి దగ్గర చొక్కాలు వాటంతట అవే ముడతలు పడుతున్నయ్. పిండిమరలో పిండి గోధుమలైపోతంది. ఫ్యాను ఇచ్చిన గాలి ఫ్యానులోకే పోతంది. టీవీలో ఎప్పుడో విన్న పాటలు, ఇళ్ళల్లో గోడలకి అంటుకుని ఉంటయ్ గదా, అవి ఒక్కోటి ఊడొచ్చి డబ్బాలోకి దూరుతున్నయ్. ఒక ఇంట్లో ఒకామె బల్బు కింద కూర్చుని మొగుడికి రాసిన ఉత్తరం ఉంది, అక్షరం వెనక అక్షరం చెరిగిపోతా ఉంటే గడపలో నిలబడి ఏడుస్తంది పాపం, నేను చూడలేకపోయా."

"ఉత్తరాలు రాసేది ఎవరు అన్నా ఈ రోజుల్లో?" అన్నాడు సాయి కిరణ్.

"ప్రేమ ఉన్నోళ్ళు రాస్తార్రా, నీకేం తెలుసు."

అలీ సాహెబ్ గొంతు సవరించుకున్నాడు. "దూది కూడానా మస్తానూ? ఏకిన దూది?"

మస్తాన్‌రావు ఒక్క క్షణం ఆయన వంక చూసి చూపు తిప్పుకున్నాడు. "అబ్బే, నీ దూది జోలికి రాలేదు మావా. నేనే అడ్డం నిలబడ్డా. ఐతే విను, అసలు సంగతి ఇప్పుడుంది. కరెంటు తీగల మీద వెనక్కి పరిగెత్తుతంటే సన్నగా మోత వస్తంది, తుమ్మెదల గుంపు పోతున్నట్టు. నేను ఊరుకుంటానా? ట్రాలీ ఆటో స్టార్ట్ చేసి దాని వెనకే పోయా. పిడుగురాళ్ళలో సున్నం బట్టీలు చల్లారిపోయినయ్, కాలిన సున్నం మళ్ళీ రాయై కూర్చుంది. గురజాల దాటా. పొలాల్లో మోటార్లు పారిన నీళ్ళని పీల్చి బోర్లలో పోసేస్తన్నయ్, రైతులు గట్ల మీద నిలబడి నెత్తిన చేతులు పెట్టుకుని చూస్తన్నారు. మాచర్ల పోయేసరికి చీకటి పడింది. నా వెనక ఊరు వెనక ఊరు ఆరిపోతంది. ముందు వెలుగు, వెనక చీకటి, మధ్యలో నేనొక్కణ్ణి. అంత ఒంటరితనం నా జన్మలో చూళ్ళా."

ఆ మాట మాత్రం అతని నోటి నుంచి నిజంగా వచ్చినట్టు వచ్చింది. ఎవరూ నవ్వలేదు. రోడ్డు మీద మిరపకాయల లారీ ఒకటి పోయింది. అందరూ తుమ్మారు.

"సాగర్ దాకా పోయావా ఆ ఆటోలో?" అంది శేషారత్నం. "మొన్న స్టేషన్ రోడ్డు మిట్ట ఎక్కలేక నలుగురం తోశాం గదా దాన్ని."

"అది బరువుతో అక్కాయ్! ఆ రోజు కరెంటు లాగుతంటే పెట్రోలు కూడా తాగలా. సాగర్ పోయేసరికి ఏముంది, పవర్‌హౌసులో పెద్ద పెద్ద చక్రాలన్నీ వెనక్కి తిరిగి కిందికి దిగిన కృష్ణమ్మని ఎత్తి డ్యాములో పోస్తన్నయ్. ఆ ఊపు ఎత్తిపోతలకి తగిలింది. మీరు ఎత్తిపోతల చూశారు గదా, నీళ్ళు పైనుంచి గుండంలో పడతయ్. ఆ రోజు గుండంలోంచి లేచినయ్! జల జల జల జల పైకి! తెల్లటి నీళ్ళు, అచ్చం ఏకిన దూదిలాగ, కొండ అంచుకి ఎగబాకుతంటే చేపలు కూడా వాటి వెంట పోతన్నయ్. మొసళ్ళు కింద నోళ్ళు తెరుచుకుని చూస్తన్నయ్. చూడటానికొచ్చినోళ్ళ మీద తుంపర కింద నుంచి పడతంది, గొడుగులు తిరగేసి పట్టుకున్నారు. వెన్నెల కూడా మావా, నేలమీంచి లేచి చంద్రుడిలోకి పోతంది, నా కళ్ళతో చూశా."

"ఆ తర్వాత?" అన్నాడు అలీ సాహెబ్. ఆయనకి నీళ్ళు పట్టలేదు, చేపలు పట్టలేదు. "ఆ తర్వాత మాఫీ సంగతి?"

"అక్కడికే వస్తన్నా. విజయవాడ నుంచి పెద్దింజనీరు కారులో వచ్చాడు, కారు గూడా వెనక్కే నడుస్తంది, రివర్సులో వచ్చాడు పాపం అంత దూరం. దిగి, మస్తాన్‌రావు గారూ, దండం పెడతా, ఇట్టాగే ఐతే రేపటికి నది కొండల్లోకి పోయి మళ్ళీ మబ్బయిపోద్ది, మీరొక్క మాట చెప్పి ఆపండి అన్నాడు. నేనన్నా, సగం కాదు, మొత్తం. ఒక్క ఇల్లు కాదు, దీపం లేని ప్రతి ఇల్లు. కన్నీళ్ళకి గడువుంటదా సార్, మీ మాఫీకెందుకు గడువు? అన్నా. ఆయన అక్కడికక్కడే, మాఫీ కాగితం కారు బానెట్టు మీద పెట్టి సంతకం చేశాడు. చేసి, పైకి గట్టిగా చదివాడు, ఎత్తిపోతల మోగిపోయేట్టు."

"నా పేరు కూడా చదివాడా?"

"మొట్టమొదట నీదే మావా! ఆ నీళ్ళు కూడా ఆగి విన్నయ్."

అలీ సాహెబ్ మొహంలో ఏదో వెలిగినట్టైంది. చేతిలో టీ చల్లారిపోయింది, తాగడం మర్చిపోయాడు. "ఐతే రేపు వచ్చి తీగ కలుపుతారు. కలుపుతారు గదా? రేపు కలిపినా శుక్రవారానికి కుట్టేస్తా. మా అమ్మాయి సబీహా, నేను ఇద్దరం పగలూ రేయీ కూర్చుంటే ఐపోతది."

"కలపకుండా ఎట్టుంటారు?" అన్నాడు మస్తాన్‌రావు. గొంతు కొంచెం తగ్గింది.

"ఏమని చదివాడు అబ్బాయ్? ఇంజనీరు?"

"ఏమనేందయ్యా, అలీ సాహెబ్, నరసరావుపేట అని."

అలీ సాహెబ్ మొహంలో వెలుగు ఎలా వచ్చిందో అలాగే మెల్లగా పోయింది.

"మా మీటరు నా పేరున లేదు మస్తానూ," అన్నాడు. "నూర్ మొహమ్మద్ గారి పేరున ఉంది. మాకు ఇల్లమ్మినాయన. ఆయన పోయి చానా ఏళ్ళైంది. పేరు మార్పించాలంటే తిరగాలని మేం మార్పించలా. బిల్లు ఆయన పేరు మీదే వస్తది. పొద్దున లైన్‌మేన్ కూడా వాకిట్లో నిలబడి ఆ పేరే పిలిచాడు. నేను పలికా."

"ఈ వీధిలో సగం మీటర్లు పోయినోళ్ళ పేర్ల మీదే గదా," అంది శేషారత్నం మెల్లగా. "మాది మా అత్తగారిది. ఆఫీసులో కాలు పెట్టినోడికి ఎవరికైనా తెలుస్తది."

"అదే, అదే, నేను మర్చిపోయా, నూర్ మొహమ్మద్ అనే చదివాడు, నేను..." మస్తాన్‌రావు నవ్వబోయాడు.

సాయి కిరణ్ కూడా నవ్వబోయి అలీ సాహెబ్ వంక చూసి ఆగాడు. "అన్నా, నువ్వసలు ఆఫీసుకి పోయావా?"

మస్తాన్‌రావు గ్లాసులోకి చూశాడు. అందులో టీ లేదు. అయినా ఎత్తి తాగాడు.

వీధి దీపాలు వెలిగాయి. ఎదురు సందులో ఇళ్ళన్నిట్లో ఒక్కొక్కటిగా కిటికీలు పసుపుపచ్చగా మారాయి. అలీ సాహెబ్ ఇల్లు ఎక్కడుందో ఇక చెయ్యి పెట్టి చూపించక్కర్లేదు, నోట్లో ఊడిన పన్నులాగ దానంతటది తెలుస్తోంది. ఆయన లేచి లుంగీ దులుపుకున్నాడు. తన టీకి, మస్తాన్‌రావు తాగిన వాటికీ కలిపి డబ్బులు బల్ల మీద పెట్టాడు.

"అయ్యో, నువ్విస్తావేంది మావా!"

"ఉండనీ. రేపు మాచవరం పోవాల. పెళ్ళోళ్ళు పాపం ఇంకెక్కడన్నా చూసుకోవాల గదా, చెప్పి రావాల."

"నా ఆటోలో తీసుకుపోతా, నయాపైసా వద్దు," అన్నాడు మస్తాన్‌రావు, లేచి నిలబడి.

"వద్దులే అబ్బాయ్. బస్సుంది."

రెండడుగులు వేసి ఆగాడు అలీ సాహెబ్. కోపం లేదు ఆ మనిషి గొంతులో. అదే బాగా లేదు.

"ఇంటికి పోగానే సబీహా అడుగుద్ది, మస్తానన్న ఏం చెప్పాడు అబ్బా అని. ఆ నీళ్ళు పైకెక్కిన సంగతి చెప్తా. బాగా చెప్పావు. మిషను లేదు, పనేం లేదు గదా, చీకట్లో కూర్చుని వింటది."