పాత ఫోన్లో ఉండిపోయిన తాళంచెవి

రిపేరు షాపు బల్లమీద పాత ఫోను, కొత్త ఫోను పక్కపక్కనే ఉన్నాయి.

"మీవారు గొంతిచ్చి చదివిన ఆడియో కథ కొత్తదాంట్లోకి వచ్చింది పెద్దమ్మా, కానీ తెరుచుకోదు. కంపెనీ దానికి తాళం వేసింది, ఆ డిజిటల్ తాళంచెవి పాత ఫోన్లోనే ఉండిపోయింది."

"కొనుక్కున్నదేగా బాబూ! ఆయనా లేరు, అమ్మిన ఆ కంపెనీ కూడా మూతపడింది. ఇంకా ఎవరికోసం ఆ తాళం?"

మెకానిక్ పాత ఫోను వెలిగించి చూశాడు. అది కొనఊపిరితో ఉంది.

"పాతదాంట్లో పైకి వినిపిద్దాం, కొత్తదాంట్లో రికార్డు చేద్దాం. మీరు మాత్రం చప్పుడు చెయ్యకూడదు."

"నోరు కుట్టేసుకుంటాను."

అతను షట్టరు దించి ఫ్యాను ఆపాడు. గంటసేపు ఆ గొంతు కథ చెప్పింది. కథ ముగిశాక పాత ఫోను ఆరిపోయింది, మళ్లీ వెలగలేదు.

"అయ్యో, నేను మధ్యలో ఊఁ కొట్టానా బాబూ?"

"కథ పొడుగునా కొట్టారు పెద్దమ్మా."

"చెడగొట్టేశానా?"

"లేదండీ. మీరు ఊఁ అన్నాకే ఆయన తర్వాతి మాట చెప్పినట్టుంది."